అక్క పాటకు పెడల్ వంత పాడాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నాగోల్. మా చిన్నమ్మ కూతురు పాడుతుంది, నేను అకౌస్టిక్ గిటార్ వాయిస్తాను. మేం ఇద్దరమే. ఒక్క గిటార్‌తో పాట బోసిగా ఉంటోందని నాలుగు నెలల కింద ఒక డిజిటల్ డిలే పెడల్, అంటే వాయించినదాన్ని కాసేపాగి ప్రతిధ్వనిలా మళ్లీ పలికించే పెట్టె, కొన్నాను. ఇంట్లో చిన్న యాంప్‌కి పెట్టి వాయిస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను. బయట మాత్రం రెండుసార్లు వాడితే రెండుసార్లూ పాడైంది. మొదట ఒక కెఫేలో గిటార్ బుయ్యిమని ఊళ పెట్టింది, మళ్లీ మళ్లీ పెట్టింది. తర్వాత చుట్టాల సంగీత్‌కి ఫంక్షన్ హాల్లో వాయిస్తే అంతా కలగాపులగం. అక్క రెండో చరణంలో తాళం తప్పి పాట ఆపేసింది. "నువ్వు ఒక్కడివే కానీ నాకు నలుగురు వాయిస్తున్నట్టు వినపడుతున్నది, ఎవర్ని పట్టుకొని పాడాలె?" అన్నది. ఇప్పుడు రవీంద్రభారతిలో ఒక కార్యక్రమంలో మాకు 20 నిమిషాలు ఇచ్చారు. రెండు వారాలే ఉంది. ఆ పెడల్ తెస్తే నేను రానని అక్క అంటోంది. పెడల్ అమ్మేయనా? ఉంచుకుంటే టైమ్, ఫీడ్‌బ్యాక్, మిక్స్ నాబ్‌లు ఎంతెంత పెట్టాలి? గిటార్ నుంచి మిక్సర్ దాకా ఏది ముందు, ఏది వెనక కలపాలి?

— ఒక పాఠకుడు, నాగోల్

సమాధానం: తమ్ముడూ, పెడల్ అమ్మొద్దు. అక్క అన్న మాటను మాత్రం కాగితం మీద రాసి గిటార్ పెట్టెలో అతికించుకో. "ఎవర్ని పట్టుకొని పాడాలె" అని ఆమె అడిగిందే, నీ ఇబ్బంది మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆమెకు ఒక్క గిటార్ వినపడాలి. మిగతావి దాని వెనక ఉండాలి.

నువ్వు బుర్రకథ చూశావో లేదో. కథకుడు ఒక చరణం అని ఆగుతాడు. ఆ ఆగినచోట పక్కనున్న ఇద్దరూ "తందాన తాన" అందుకుంటారు. వాళ్లను వంతలంటారు. కథకుడు ఆగకుండా గుక్కతిప్పుకోకుండా చెప్పుకుంటూ పోతే వంతలు ఎక్కడ అందుకోవాలి? అందుకున్నా ఆయన మాట మీదే పడుతుంది, కథ ఎవరికీ వినపడదు. డిలే పెడల్ నీకు వంత. నువ్వు ఆగినచోట అది అందుకోవాలి. సంగీత్‌లో నువ్వేం చేసి ఉంటావో ఊహించగలను. ఇంట్లో వాయించినట్టే కిందికీ పైకీ ఆపకుండా స్ట్రమ్మింగ్ కొట్టి ఉంటావు. వంతకు చోటివ్వలేదు. ఆ తప్పు నాబ్‌లు తిప్పితే పోదు, చెయ్యి మారాలి. అందుకే నాబ్‌ల లెక్క చెప్పే ముందు దీన్ని చెప్తున్నాను.

ఇంట్లో ఎందుకు బాగుందంటే, మీ గది గోడ నీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉందనుకో. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. గోడదాకా వెళ్లి తిరిగి రావడానికి 20 మిల్లీసెకన్లు. ఇంత త్వరగా తిరిగొచ్చిన చప్పుడును చెవి విడిగా వినదు, అసలు ధ్వనిలోనే కలిపేసుకుంటుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లోనే దీని మీద పరిశోధన చేశాడు, ఆయన పేరుతోనే దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. అంటే నీ గది నీకు ఏ అడ్డూ చెప్పలేదు, వినపడిన ప్రతిధ్వని అంతా పెడల్‌దే. పైగా పరుపూ పరదాలూ ఉండే గది. అదే ఫంక్షన్ హాల్లో వెనక గోడ 25 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి 50 మీటర్లు, దాదాపు 145 మిల్లీసెకన్లు. అది విడిగా వినపడుతుంది. కింద గ్రానైట్, పక్కన అద్దాలు, ఎటు చూసినా గట్టి తలాలే. అంటే హాలే ఒక డిలే పెడల్, దానికి ఆఫ్ బటన్ లేదు. దాని మీద నీది. అక్కడితో ఆగలేదు. మన ఫంక్షన్లలో సౌండ్ వాళ్లు యాంకర్ మైక్‌కి ఎకో పెట్టే ఉంచుతారు, అదే మైక్ అక్క చేతికి వచ్చి ఉంటుంది. మూడు ప్రతిధ్వనులు, మూడు వేర్వేరు వేగాలు. నలుగురు వాయిస్తున్నట్టుందని ఆమె అన్నది లెక్క ప్రకారం కూడా సరిపోయింది.

గోల్కొండ కోట ద్వారంలో గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దగ్గర వినపడటం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. కట్టడం ధ్వనిని ఏం చేస్తుందో హైదరాబాదు వాళ్లకు వేరే చెప్పాలా? ఏ వేదిక ఎక్కినా మొదట అదే పని చెయ్యి. స్టేజీ మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు. చప్పుడు తిరిగొచ్చి ముఖానికి తగిలిందా, మెల్లగా కరిగిపోయిందా, అసలు రాలేదా? తిరిగొచ్చి తగిలే హాల్లో పొట్టి డిలే, అంటే 100, 150 మిల్లీసెకన్ల సెట్టింగ్ జోలికి పోకు. హాలు ఇస్తున్నది అదే, రెండూ కొట్టుకుంటాయి. అసలు రాని చోట, ఉదాహరణకు బంజారాహిల్స్ లామకాన్‌లాంటి ఆరుబయట, డిలే నీకు నిజంగా పనికొస్తుంది. అక్కడ గిటార్ ధ్వని ఆకాశంలోకి పోయి ఆరిపోతుంది, దాన్ని పట్టి నిలిపేది పెడలే.

ఇక టైమ్ నాబ్, ప్రతిధ్వని ఎంతసేపటికి రావాలో చెప్పేది. ఒక్క అంకె చెప్పమంటే చెప్పలేను, అది పాట చెప్పాలి. పాట నిమిషానికి 92 దెబ్బల వేగంలో ఉందనుకో. 60,000ని 92తో భాగిస్తే 652, ఒక్కో దెబ్బకు అన్ని మిల్లీసెకన్లు. నీ పెడల్‌లో డాటెడ్ ఎయిత్ అని ఒక గుర్తు ఉంటుంది. గిటార్ వాళ్లంతా దాని వెంట పడతారు. దెబ్బలో ముప్పావు వంతు అది, ఇక్కడ 489. దాన్ని మన లెక్కలో చెప్తాను, ఇంకెప్పుడూ మర్చిపోవు. ఒక దెబ్బను "త క ధి మి" అని నాలుగుగా పలుకు. నువ్వు "త" మీద ఒక తీగ మీటు. పెడల్ అదే దెబ్బలో "మి" మీద పలుకుతుంది. దాని తర్వాతి ప్రతిధ్వని రెండో దెబ్బలో "ధి" మీద, ఆ పైది మూడో దెబ్బలో "క" మీద. ఒక్కో తిరుగుడుకు ఒక్కో అక్షరం వెనక్కి జరుగుతూ, ఈ మూడూ నువ్వు వాయించే "త"ను మాత్రం తాకకుండా పోతాయి. అందుకే అంత అందం. నువ్వు దెబ్బకు ఒక్క తీగ మీటినా వినేవాళ్లకు నాలుగు అక్షరాలూ నిండినట్టుంటుంది. అదే నువ్వు నాలుగు అక్షరాల మీదా స్ట్రమ్ చేస్తే? ప్రతి ప్రతిధ్వనీ నీ చేతి కిందే పడి నలిగిపోతుంది.

ఇది చతురశ్ర నడకకు. మనం పాడే జానపదాల్లో, పెళ్లి పాటల్లో తిశ్రం ఎంతుందో నీకు తెలుసు. "త కి ట, త కి ట" అని దెబ్బ మూడుగా విరుగుతుంది. అక్కడ డాటెడ్ ఎయిత్ పెడితే ఎక్కడ పడుతుందో లెక్కెయ్యి. 70 వేగంలో ఒక దెబ్బ 857 మిల్లీసెకన్లు. "ట" పడాల్సింది 571 దగ్గర. డాటెడ్ ఎయిత్ పడేది 643 దగ్గర. "ట"కీ తర్వాతి "త"కీ మధ్యలో, ఏ అక్షరం మీదా కాకుండా. సంగీత్‌లో అక్క తాళం తప్పిన పాట తిశ్రంలోది కాదు కదా? ఒకసారి గుర్తు తెచ్చుకో. తిశ్రం పాటకు దెబ్బలో మూడింట రెండు వంతులు కావాలి. చాలా చిన్న పెడల్స్‌లో దానికి గుర్తు ఉండదు. ఒక చిట్కా చెప్తాను. పాట వేగాన్ని ఒకటిన్నరతో హెచ్చించు. 70 అయితే 105. ఫోన్‌లో మెట్రోనోమ్ 105కి పెట్టి, పెడల్‌ని మామూలు దెబ్బ గుర్తు మీద ఉంచి, ఆ టిక్కులతోపాటు ట్యాప్ బటన్ (తట్టిన వేగాన్నే టైమ్‌గా పట్టుకునేది) తట్టు. ప్రతిధ్వని సరిగ్గా "ట" మీద వచ్చి కూర్చుంటుంది. ఇది విన్నరోజు నేను ఇంట్లో వాళ్లను పిలిచి మరీ వినిపించాను.

ఫీడ్‌బ్యాక్ నాబ్ సంగతికొస్తే, ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో చెప్పేది అది. రెండు. మహా అయితే మూడు. ఎందుకంటే మనుషులు మెట్రోనోమ్‌లు కాదు. చరణం ఎత్తుకునేటప్పుడు అక్క కొంచెం ముందుకు జరుగుతుంది, అందరు గాయకులూ జరుగుతారు, పాటకు ఊపిరి అక్కడే. 92లో మొదలైన పాట 95కి వెళ్లిందనుకో. రావాల్సిన 489కి బదులు ఇప్పుడు 474 కావాలి. తేడా 15 మిల్లీసెకన్లు, ఎవరికీ తెలీదు. రెండో ప్రతిధ్వనికి ఆ తేడా 30 అవుతుంది. మూడోదానికి 45. ఆరేడు ప్రతిధ్వనులు పెట్టుకుంటే చివరివి డప్పు మీద రెండు కర్రలు ఒకదాని వెనక ఒకటి పడ్డట్టు వినపడతాయి. పాడేవాళ్లు దేని మీద నిలబడాలో తెలియక తూలుతారు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కింద ఒక కాలేజీ వార్షికోత్సవంలో తబలా, గాత్రం, నా గిటార్. రిహార్సల్లో కట్టుకున్న వేగానికి డిలే పెట్టుకున్నాను, నాలుగైదు ప్రతిధ్వనులు, బాగా గట్టిగా. స్టేజీ ఎక్కాక జనం చప్పట్లకు తబలా ఆయన చెయ్యి వేగం పెరిగింది. మూడో చరణానికి నా గిటార్ వెనకపడుతున్నట్టు వినపడసాగింది. నేను వెనకపడలేదు, నా ప్రతిధ్వనులు వెనకపడ్డాయి. ఆయన తల తిప్పకుండానే "దాన్ని బంద్ చేయండి భయ్యా" అన్నాడు. వంగి చూస్తే లైట్ల వెలుగు కళ్లలో కొడుతోంది, నల్ల కార్పెట్ మీద నల్ల పెడల్, బటన్ కనపడలేదు. కాలితో తడిమేలోపు పాట అయిపోయింది. అందరూ ఆగాక నా గిటార్ ఒక్కటే ఇంకో మూడుసార్లు పలికింది. గాయని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత నుంచి నా పెడల్ బటన్ చుట్టూ తెల్ల టేపు ఉంటుంది. నువ్వూ అతికించు.

మిక్స్ నాబ్ ప్రతిధ్వని ఎంత గట్టిగా వినపడాలో చెప్పేది. దాని గురించి నాకు తెలిసిన కొలత ఒక్కటే. నువ్వు వాయిస్తున్నప్పుడు ప్రతిధ్వని వినపడకూడదు, చేతులాపినప్పుడు వినపడాలి. చాలా పెడల్స్ మీద అది గడియారం ముల్లు తొమ్మిది దగ్గర ఉన్నప్పుడు వస్తుంది. పన్నెండు దాటితే ఎవరు ఎవరికి వంతో తెలీదు.

కెఫేలో వచ్చిన ఊళ వేరే జబ్బు. దాన్నీ ఫీడ్‌బ్యాక్ అనే అంటారు, పెడల్ మీది ఫీడ్‌బ్యాక్ నాబ్‌తో కలిపి కంగారు పడకు. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం నీ గిటార్ పొట్టలోకి దూరుతుంది. ఆ చెక్కపెట్టె లోపలి గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర తనంతట తనే మోగుతుంది. గిటార్ ధ్వనిని కరెంటుగా మార్చే పికప్ దాన్ని పట్టుకుని మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. మధ్యలో డిలే ఉంటే ఆ మోతను దాచుకుని, అర సెకను తర్వాత మళ్లీ విసురుతుంది, అది మళ్లీ పెట్టెలో దూరుతుంది. ఊళ మళ్లీ మళ్లీ వచ్చిందని రాశావు కదా, అందుకే. గిటార్ నోటికి పెట్టే రబ్బరు మూత ఒకటి దొరుకుతుంది, చవకే, మొదట అది కొను. గిటార్ ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ను బలపరిచే భాగం) మీద ఫేజ్ అని బటన్ ఉంటే ఊళ వచ్చినప్పుడు ఒకసారి నొక్కి చూడు, ఒక్కోసారి అంతటితో పోతుంది. టోన్ సరిచేసే ఈక్యూ నాబ్‌లలో బేస్ కొంచెం తగ్గించు. కెఫేల్లో స్థలం చాలక స్పీకర్ వాయించేవాళ్ల వెనక పెట్టేస్తారు. అడిగైనా సరే దాన్ని నీకంటే ముందుకు జరిపించు.

మానిటర్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. అక్క ముందున్న మానిటర్‌లో, అంటే పాడేవాళ్లు వినడానికి వేదిక మీద పెట్టే స్పీకర్‌లో, డిలే లేని గిటార్ రావాలి. ఈ వారం నువ్వు ఇంకేమీ చేయలేకపోయినా ఇది చెయ్యి. కొన్ని పెడల్స్‌కి రెండు అవుట్‌లు ఉంటాయి. రెండూ వాడితే ఒకదాంట్లోంచి ఉత్త గిటార్, రెండోదాంట్లోంచి ఉత్త ప్రతిధ్వని వచ్చేలా పెట్టుకోవచ్చు. నీ పెడల్ మాన్యువల్ తీసి చూడు. అలా ఉంటే మిక్సర్‌లో రెండు ఛానెల్స్ అడుగు. మొదటిది అక్క మానిటర్‌కీ హాలుకీ. రెండోది హాలుకి మాత్రమే. నీ పెడల్‌కి ఆ సౌకర్యం లేకపోతే సౌండ్ చూసే ఆయన్ని అడుగు. డిజిటల్ మిక్సర్లలో డిలే లోపలే ఉంటుంది, ట్యాప్ బటన్‌తో సహా. గిటార్‌కి ఆయనే పెడతాడు, మానిటర్లోకి పంపడు. అప్పుడు పాట వేగాలు రాసిన చీటీ ఆయన చేతికివ్వాలి. ఆయన్ని వెళ్లగానే "అన్నా, ఒక్క నిమిషం" అని పలకరించి, రెండు మాటలు చెప్పు: గిటార్‌కి రివర్బ్ (హాలు మోతలాంటి ఎఫెక్ట్) వద్దు, అక్క మైక్‌లో ఎకో వద్దు, కావాలంటే కొంచెం రివర్బ్ వెయ్యండి. సౌండ్ వాళ్లను ఎవరూ మర్యాదగా అడగరు. అడిగినవాళ్లకు వాళ్లు ప్రాణం పెట్టి చేస్తారు.

కలపడం సంగతి తొందరగా చెప్పేస్తాను. గిటార్, దాని ప్రీయాంప్, ట్యూనర్, డిలే, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా), మిక్సర్. ఈ వరసే. గిటార్‌లో బ్యాటరీ ఉండే ప్రీయాంప్ ఉంటే సరే. లేకపోతే పీజో పికప్‌ను (తీగల అదురును వంతెన దగ్గర పట్టేది) నేరుగా పెడల్‌కి పెట్టకు, ధ్వని పలచబడి రేకుడబ్బాలా మోగుతుంది. దానికి ముందు ఒక ప్రీయాంప్ కావాలి. డీఐ బాక్స్ హాలు వాళ్ల దగ్గర ఉంటుంది, ఉందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కో. పెడల్‌కి కొత్త బ్యాటరీ, అడాప్టర్, నీ సొంత ఎక్స్‌టెన్షన్ బోర్డు మూడూ తీసుకెళ్లు. సీరియల్ బల్బులు, డిమ్మర్ లైట్లు ఉన్న లైన్ మీదే అడాప్టర్ పెడితే జుయ్యిమని మోత వస్తుంది. అలా వస్తే బ్యాటరీ మీదికి మారిపో. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, మోత అప్పటికీ పోకపోతే అది నొక్కించు.

నీ ఉత్తరంలో లేని ఒక విషయం అడగాలి. పీజో పికప్‌లో గోరు తీగకు తగిలే "టక్" అన్న చప్పుడు స్వరం కంటే గట్టిగా వినపడుతుంది. ఇంట్లో పట్టించుకోం. డిలే దాన్నీ వదలదు, "టక్... టక్... టక్" అని తిప్పి తిప్పి వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్క సన్నతీగ మీటి, కళ్లు మూసుకుని విను. మొదట టక్కు, దాని వెనక వెంట్రుకవాసి ఆలస్యంగా స్వరం. ప్రతిధ్వనిలో స్వరం తగ్గుతూ పోతుంటే టక్కు మాత్రం గుచ్చుతూనే ఉంటుంది. దీనికి ప్రతిధ్వని మెత్తబడాలి. నీ డిజిటల్ పెడల్‌లో అనలాగ్ అనో టేప్ అనో మోడ్ ఉంటే అందులో పెట్టు. ఒక్కో తిరుగుడుకు పదును తగ్గుతూ వస్తుంది. టోన్ నాబ్ ఉంటే సగానికి తగ్గించు. పాత టేప్ ఎకో యంత్రాలకు ఆ మెత్తదనం వాటంతటవే వచ్చేది, టేపు మీద మళ్లీ మళ్లీ రికార్డయ్యే కొద్దీ పదును అరిగిపోయేది కాబట్టి. బ్రిటన్‌లో జాన్ మార్టిన్ అనే గాయకుడు 1970ల మొదట్లోనే ఎకోప్లెక్స్ అనే టేప్ యంత్రాన్ని అకౌస్టిక్ గిటార్‌కి తగిలించి కచేరీలు చేశాడు. ఆయన వాయించడం దొరికితే విను. కుడిచేత్తో తీగల్ని నొక్కి, ఆపి, ముక్కలు ముక్కలుగా మీటుతాడు. మిగతా నడకంతా యంత్రం నింపుతుంది. వంతకు చోటివ్వడం అంటే ఏంటో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ఇంకోటి, కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్లు, మారేచోట జాగ్రత్త. ప్రతిధ్వనికి కార్డు మారిందని తెలీదు, పాత కార్డునే పలుకుతూ ఉంటుంది. జి నుంచి సి కి వెళ్తే ఫర్వాలేదు, రెండింట్లోనూ ఉన్న స్వరం కలిపేస్తుంది. అదే "ఏ" మేజర్ నుంచి ఎఫ్ మేజర్‌కి వెళ్లి చూడు. పాత కార్డులోని సి షార్ప్ తోక కొత్త కార్డులోని సి మీద పడి పళ్లు కొరికినట్టు ఉంటుంది. అలాంటి చోట నిండు కార్డు కొట్టకుండా రెండింటికీ సరిపడే ఒక్క తీగ మీటు, ఇక్కడైతే "ఏ". లేదా ఆ వరుసకు ముందే పెడల్ ఆపెయ్యి. ఆపినా తోక నెమ్మదిగా కరిగేలా చేసే సదుపాయం కొన్నింటిలో ఉంటుంది, ఉంటే ఆన్ చేసి పెట్టుకో. టక్కున తెగితే వినేవాళ్లకు కరెంటు పోయినట్టుంటుంది.

పాటలో ఎక్కడ వాడాలంటే, నీ 20 నిమిషాల్లో నాలుగు పాటలు పడతాయనుకుంటాను. నాలుగింటికీ పెట్టకు. రెండింటికి చాలు. ఆ రెండింటిలో కూడా ఎత్తుగడలో, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్‌లో, ముగింపులో. అక్క సాహిత్యం పలుకుతున్నప్పుడు గిటార్ ఒట్టిగా ఉండనీ. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, గాయకులు ఆ చివరి అచ్చును పట్టుకుని సాగదీస్తారు, పాట తీపి సగం అక్కడే. దాని మీద నీ ప్రతిధ్వనులు చల్లితే మాట మసకబారుతుంది. ఆమె పంక్తి ముగించి ఊపిరి తీసుకునే ఆ అర సెకనులో మాత్రం ఒక తీగ మీటి వదులు. పెడల్ ఆ ఖాళీని నింపుతుంది, ఆమె మళ్లీ అందుకునేలోపు కరిగిపోతుంది.

రెండు వారాలను ఇలా వాడుకో. మొదటి నాలుగు రోజులు పెడల్ ముట్టకు. నాలుగు పాటలూ సగం స్వరాలతో వాయించడం నేర్చుకో. బోసిగా అనిపిస్తుంది, అనిపించనీ. ఆ తర్వాత పెడల్ పెట్టు. సాయంత్రం డాబా మీద వాయించి, ఫోన్‌ను పిట్టగోడ అవతలి మూల పెట్టి రికార్డు చెయ్యి. నీ పక్కనే పెట్టుకుంటే అన్నీ బాగానే వినపడతాయి. ఈ రికార్డింగులు అక్కకు వినిపించు, కానీ ఏ పాటలో డిలే ఉందో చెప్పకు. ఆమెకు ఏది నచ్చిందో అడుగు. ఆమెకు పెడల్ మీద కోపం లేదు తమ్ముడూ. స్టేజీ మీద, చుట్టాలందరి ముందు, కాళ్ల కింద నేల కదిలినట్టయింది ఆమెకు. ఆ భయం మాటలతో పోదు. డాబా మీద ఆమె నాలుగు రోజులు హాయిగా పాడితే పోతుంది.

కార్యక్రమం వాళ్లను ఒక సంగతి ముందే అడుగు: మీకు కుర్చీలు వేస్తారా, వేదిక మీద తివాచీ పరిచి కూర్చోబెడతారా? మన సభల్లో రెండోది మామూలే. బాసింపట్టు వేసుకుని చెప్పులు లేకుండా కూర్చుంటే పెడల్‌ని కాలితో ఎలా నొక్కుతావు? చిన్న పీట ఒకటి తీసుకెళ్లి కుడి మోకాలి పక్కన పెట్టి, దాని మీద పెడల్ పెట్టుకో. మధ్యవేలితో నొక్కొచ్చు, నాబ్ కూడా కంటికి కనపడుతుంది. అలా వాయించడం ఇంట్లో ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. పాట మధ్యలో తీగల మీంచి చెయ్యి తీసి, నొక్కి, తిరిగి పెట్టడానికి ఒక దెబ్బ సమయం పడుతుంది. ఆ దెబ్బ ఎక్కడ ఖాళీగా ఉందో ఒక్కో పాటలో గుర్తు పెట్టుకో.

ఆ రోజు అందరికంటే ముందు వెళ్లండి. చప్పట్లు కొట్టి హాలు విన్నాక, నువ్వు వేదిక మీద కూర్చో, అక్కను ఆఖరి వరుసకు పంపు. మిక్స్ నాబ్ పూర్తిగా మూసి మొదటి పాట ఎత్తుగడ వాయించడం మొదలుపెట్టు. ఒక్కో రౌండుకు కొంచెం కొంచెం తెరుస్తూ పో. "నీ గిటార్ నాకు ఒక్కటిగా వినపడుతున్నంతసేపు చెయ్యి పైకెత్తి ఉంచు, ఇద్దరైపోతే దించెయ్యి" అని ఆమెకు చెప్పు. ఆమె చెయ్యి దించగానే ఆపి, నాబ్‌ను వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, అక్కడ పెన్నుతో గీత పెట్టుకో. ఖాళీ హాలు ఎక్కువ మోగుతుంది, జనం నిండాక ఆ మోతలో కొంత వాళ్ల బట్టలే తాగేస్తాయి. అందుకని సాయంత్రం నీకు డిలే తగ్గినట్టు అనిపించవచ్చు. అనిపించినా ఆ గీత దాటకు, అది అక్క పెట్టిన గీత.